తంగేడుగుంట బస్సుకు నేను చేసిన మేలు

కాశీకి వెళ్ళొచ్చినవాళ్ళు నంద్యాలలో వీధికి పదిమంది దొరుకుతారు. సింగపూరు చూసొచ్చినవాళ్ళు మా అంగడి వరసలోనే ఉన్నారు. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు సైకిలు మీద వెళ్ళినవాడు మాత్రం ఈ మధ్యకాలంలో, నాకు తెలిసినంతలో, నేనొక్కడినే. అందుకే రాస్తున్నాను.

తిరిగొచ్చాక ఈ ప్రయాణాన్ని రకరకాలుగా చెప్పాను. ఒకరికి చెప్పినప్పుడు నల్లమల నుంచి దిగిన చిరుతపులి శిరివెళ్ళ దాకా నా సైకిలు పక్కనే పరుగెత్తింది. ఇంకొకరికి చెప్పినప్పుడు ఆళ్ళగడ్డ జనం నన్ను ఏనుగు మీద ఊరేగించారు. అవి విన్నవాళ్ళు దయచేసి మరిచిపోండి. ఇందులో పులీ లేదు, ఏనుగూ లేదు. ఊరేగింపు మాత్రం ఉంది. అది లేకుంటే బాగుండేదని రాస్తున్నంతసేపూ అనుకుంటూనే ఉన్నాను.

ఒక ఊరి పేరు మార్చి రాస్తున్నాను. ఆ ఊరివాళ్ళకు నా అంగడి ఎక్కడుందో తెలుసు.

నడవడానికి కార్లో

మాది నంద్యాలలో స్టీలు సామాన్ల అంగడి. ఒళ్ళు బరువెక్కి, డాక్టరు కోప్పడ్డాక, పొద్దున్నే మైదానంలో నడిచేవాళ్ళ గుంపులో చేరాను. మా గుంపులో ఒక ఆచారం ఉంది. నడవడానికి అందరూ కార్లలో, మోటారు సైకిళ్ళలో వస్తారు. గేటుకు దగ్గరగా బండి పెట్టుకునే చోటు కోసం పోట్లాడుకుంటారు. దూరంగా పెడితే అక్కడి నుంచి మైదానం దాకా నడవాలి కదా.

ఆ గుంపుకే ఒకనాడు ఊరిని బాగుచేయాలనే బుద్ధి పుట్టింది. జనం చేత నడిపించాలి, సైకిలు తొక్కించాలి, బస్సులెక్కించాలి. ముందుగా ఎవరైనా ఆళ్ళగడ్డ దాకా సైకిలు మీద వెళ్ళి, దారిలో కనిపించినవాళ్ళకల్లా ఈ మంచిమాట చెప్పాలి. అందరూ నా వైపు తిరిగారు. వయసులో ఉండగా కడపలో పెళ్ళికి సైకిలు మీద వెళ్ళి, రెండో పంక్తిలో భోంచేసి, మళ్ళీ సైకిలు మీదే పొద్దుగూకకముందు ఇల్లు చేరానని వాళ్ళకు చాలాసార్లు చెప్పి ఉన్నాను. నిజానికి ఆ పెళ్ళికి నేను లారీలో, గుమ్మడికాయల మీద కూర్చుని వెళ్ళాను. ఆ మాట చెప్పడానికి ఇది సమయం కాదనిపించింది.

పచ్చజెండా ఊపి నన్ను సాగనంపారు. కేసీ కాలువ దాకా నా వెనక కార్లలో వచ్చారు. ఏసీ వేసుకుని, అద్దాలు దించకుండా, లోపలి నుంచే చేతులూపారు.

నీడ రానంది

అయ్యలూరు దాటాక రోడ్డుకు రెండు పక్కలా నల్లరేగడి, అరటితోటలు, ఎడమ చేతి వైపు దూరంగా నల్లమల. కార్లో పోయేటప్పుడు ఆ కొండలు మనతో పాటు పరుగెత్తుతాయి. సైకిలు మీద పోతే ఉన్నచోటే కూర్చుని మనల్ని చూస్తాయి. ఎంత తొక్కినా అదే కొండ, అదే చూపు. ఎండ సంగతి చెప్పాలంటే, ఒక చింతచెట్టు దాటాక వెనక్కి చూస్తే నా నీడ ఆ చెట్టు కిందే ఆగిపోయింది. రమ్మంటే రానంది. ఇంతవరకు నిజమే రాస్తున్నాను.

దారిలో నన్ను చూసిన ప్రతివాడికీ జాలే. సొంత బండి లేని మగమనిషి ఈ కాలంలో ఈ రోడ్డు మీద కనిపిస్తే దానికి వాళ్ళ దగ్గర మూడే కారణాలున్నాయి. ఒకాయన బండి ఆపి అడిగాడు.

"ఏమన్నా, మొక్కుబడా?"

"కాదప్పా."

"డాక్టరు చెప్పినాడా?"

"చెప్పినాడు గానీ, ఇంత దూరం చెప్పలేదు."

"అట్లయితే బండి ఫైనాన్సోళ్ళు ఎత్తుకపోయినారు. ఏం బాధపడొద్దులే. మా బామ్మర్దిది కూడా పాయ. తాడు కట్టుకుంటావా, శిరివెళ్ళ దాకా లాగుతా?"

నేను నడక గురించి, సైకిలు గురించి తయారు చేసుకున్న ప్రసంగం మొదలుపెట్టాను. ఆయన ఓపిగ్గా విని, చివర్లో నా భుజం తట్టి, "మంచిరోజులు వస్తాయిలే అన్నా," అని వెళ్ళిపోయాడు.

అరటిగెలల ట్రాక్టరు ఒకటి మెల్లగా పోతుంటే దాని ట్రాలీని ఒక చేత్తో పట్టుకున్నాను. అలా ఎంత దూరం వెళ్ళానో మా గుంపుకు ఇప్పటిదాకా తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది.

శిరివెళ్ళలో నన్నారి షర్బత్ తాగాను. నంద్యాలలో ఇప్పుడు గ్లాసుకు ఇరవై తీసుకుని మంచుముక్కలే పోస్తున్నారు. ఇక్కడ పదిహేను. నిమ్మకాయ మన కళ్ళముందే పిండుతారు. రెండో గ్లాసు తాగేటప్పుడు బండాయన "సైకిలు మీద వచ్చినావు కాబట్టి దీనికి దుడ్లు వద్దులే," అన్నాడు. సైకిలు తొక్కినందుకు నాకు దక్కిన మొదటి గౌరవం అదే. ఆఖరుది కూడా అదే.

అడ్డరోడ్డు

ఆళ్ళగడ్డ ఇంకాస్త దూరముందనగా వెనక చక్రం పంక్చరైంది. పొద్దు వాలుతోంది. అక్కడ తంగేడుగుంట అడ్డరోడ్డు అనే బోర్డు, దాని కింద సిమెంటు బల్ల, బల్ల మీద నిద్రపోతున్న కుక్క తప్ప ఏమీ లేవు. కాసేపటికి ఆళ్ళగడ్డ వైపు నుంచి ఒక పాత పల్లెబస్సు వచ్చి ఆగింది. తలుపులోంచి కండక్టరు సగం బయటికి వంగాడు. పేరు ఓబులేసు అని తర్వాత తెలిసింది.

"యాడికప్పా?"

"ఆళ్ళగడ్డకు."

"మేం ఆళ్ళగడ్డ నించే వస్తాండాం. తంగేడుగుంటకు పోతాండాం."

"అయితే తంగేడుగుంటకే."

ఓబులేసు మొహం వెలిగిపోయింది. "డ్రైవరన్నా, ఇంగో మనిషి దొరికినాడు!" అని లోపలికి కేకేశాడు. నా సైకిలును పెళ్ళికొడుకును ఎక్కించినట్టు జాగ్రత్తగా పైకెక్కించి కట్టాడు.

బస్సులో ఉన్నది ఒకే ఒక్క ప్రయాణికురాలు. ముందు సీట్లో, పక్కన పెద్ద స్టీలు గుండిగ పెట్టుకుని కూర్చుంది. అరవై దగ్గర వయసు, తలమీద కొంగు, ముక్కుకు తెల్లరాయి. నా కళ్ళు వృత్తి అలవాటు కొద్దీ గుండిగ మీదికి పోయాయి.

"అడుగు మందం బాగుందక్కా. పాతకాలం సరుకు."

"ఓబులేసూ, ఈయప్ప ఎవురోగానీ మనిషి దిక్కు చూడల్యా, గుండిగ దిక్కే చూస్తాండాడు," అందామె.

అలా ఖాసింబీ పరిచయమైంది. తంగేడుగుంటలో ఉంటుంది. రోజూ పొద్దుటి బస్సులో శెనగపిండి కలిపిన గుండిగ, బొరుగుల సంచి ఎక్కించుకుని ఆళ్ళగడ్డ వెళ్ళి, బస్టాండు పక్కన ఉగ్గాని, బజ్జీ అమ్ముతుంది. సాయంత్రం ఇదే బస్సులో ఖాళీ గుండిగతో వస్తుంది.

"ఆడోళ్ళకు టిక్కెట్టు లేదని సర్కారు చెప్పినాది," అని ఓబులేసు వైపు గడ్డం ఎత్తింది. "ఈయన మాత్రం గుండిగకు లగేజీ కొడతా అంటాడు."

"గుండిగ ఆడదా మొగదా చెప్పు, కొట్టను," అన్నాడు ఓబులేసు. ఎన్నాళ్ళుగానో రోజూ ఆడుకుంటున్న ఆట అని ఇద్దరి మొహాలూ చూస్తే తెలిసింది.

మోటారు సైకిలు మీద ఎందుకు వెళ్ళకూడదని అడిగాను. ఆమె నవ్వింది. ఊళ్ళో మద్దిలేటి అనే అతను ఒకసారి ఎక్కించుకున్నాడట. మొదటి స్పీడ్ బ్రేకరు దగ్గరే పిండి మొత్తం కింద పడింది. "రోడ్డుకే బజ్జీ ఏసినట్లాయ," అంది. ఆటో అయితే పదిమంది నిండేదాకా కదలదు. అది కదిలి ఆళ్ళగడ్డ చేరేసరికి జనం టిఫిన్లు తిని చేతులు తుడుచుకుంటూ ఉంటారు. నడుద్దామంటే మోకాలు.

"ఈ బస్సుంటే నా పొయ్యి ఎలుగుతాది. అంతే కథ," అని కిటికీలోంచి బయటికి చూసింది.

ఉగ్గాని

ఆ రాత్రి మద్దిలేటి ఇంట్లో పడుకున్నాను. అతనికి ముప్ఫై అయిదేళ్ళుంటాయి. ఊళ్ళో ఏ పని జరగాలన్నా ముందుండేది అతనే. కొత్తవాడు ఊళ్ళోకొస్తే ఎవరింట తిన్నాడని అడిగే అలవాటు ఇంకా ఆ ఊళ్ళో ఉంది. మా నంద్యాలలో ఎవరింటికి వచ్చాడని కూడా అడగరు. జొన్నరొట్టె, వంకాయ కూర, రోట్లో నూరిన శెనక్కాయల ఊరిబిండి పెట్టి, నేను వద్దన్నకొద్దీ మరో రొట్టె వేశారు. వాకిట్లో మోటారు సైకిళ్ళు రెండు. ఎదురింట్లో మూడు.

పొద్దున్నే బస్సు ఊరికి పైచివర తిరిగి, పీర్ల చావిడి దగ్గర ఆగింది. అది ఖాసింబీ ఎక్కే చోటు. ఓబులేసు దిగి గుండిగ అందుకున్నాడు. సైకిలు పైన, మేము ముగ్గురం కింద. డ్రైవరుతో కలిపి నలుగురం. బస్సులో గాలి మాత్రం కిటకిటలాడుతోంది.

ఆళ్ళగడ్డలో చక్రానికి అతుకు వేయించుకుని ఖాసింబీ బండి దగ్గరికి వెళ్ళాను. నానిన బొరుగుల్లో పోపు, పప్పులపొడి, ఉల్లిపాయ, నిమ్మరసం. పక్కన పచ్చిమిరపకాయ బజ్జీలు రెండు. అంతా కలిపి ముప్ఫై. మా నంద్యాల ఉగ్గానిలో పసుపే కనిపిస్తుంది. ఇక్కడ బొరుగు ఒక్కొక్కటీ విడిగా ఉండి, నోట్లోకి పోయాక మెత్తబడింది. ఆ బజ్జీ కారానికి నా చెవుల్లోంచి పొగ వచ్చి, పక్కాయన దాంతో బీడీ వెలిగించుకున్నాడు.

నేను మూడో బజ్జీ తింటుండగా ఓబులేసు వచ్చాడు. ముసలివాళ్ళకు చెడువార్త చెప్పేటప్పుడు గొంతు ఎలా తగ్గిస్తారో అలా తగ్గించి చెప్పాడు. ఎల్లుండి పొద్దున పై ఆఫీసరు ఈ ట్రిప్పులో వస్తాడు. ఎంతమంది ఎక్కుతున్నారో కళ్ళారా చూస్తాడు. జనముంటే బస్సు ఉంటుంది. లేకపోతే దీన్ని ఇంకో ఊరికి వేస్తారు. ఆ ఊరి ఆడపిల్లలు కాలేజీకి బస్సు కావాలని చాలాకాలంగా అడుగుతున్నారట.

ఖాసింబీ బజ్జీలు తిప్పే గరిటె నూనెలోనే ఉండిపోయింది. ఒక వాయి మాడింది. ఆమె చేతిలో బజ్జీ మాడడం తానెప్పుడూ చూడలేదని ఓబులేసు తర్వాత అన్నాడు.

"ఎల్లుండే కదా," అన్నాను నేను. "బస్సు నిండా జనాన్ని నేను ఎక్కిస్తా. నాకొదిలెయ్యండి."

ఆ మాట చెప్పమని నన్ను ఎవరూ అడగలేదు.

పల్లకీ

ఆ సాయంత్రం బస్సులో తంగేడుగుంటకు తిరిగొచ్చాను. మద్దిలేటి ఇంటి అరుగు మీద ఊళ్ళో సగం మంది చేరారు. ముందు బుద్ధిగా మొదలుపెట్టాను. బస్సు ఉంటే మీకే మంచిది, పిల్లలకు మంచిది, పెట్రోలు మిగులుతుంది, ఒంటికి మంచిది. జనం ఆవులించారు. ఒకాయన లేచి గొర్రెలను చూసుకోవాలన్నాడు.

ఏటా అహోబిలం స్వామి పారువేటకు పల్లకీలో ఊరూరా వస్తాడు కదా, తన పెళ్ళికి జనాన్ని పిలవడానికి. తంగేడుగుంటకూ వస్తాడు. అది గుర్తొచ్చి, "సాక్షాత్తూ దేవుడే బండెక్కకుండా మనుషుల భుజాల మీద వస్తాడు, మీకేం పోయింది?" అన్నాను.

"ఆయన్ను మోసేటోళ్ళుండారు సెట్టీ," అన్నాడు మద్దిలేటి. "మమ్మల్ని ఎవురు మోస్తారు?"

అందరూ నవ్వారు. ఆ నవ్వు వినగానే నా నోరు నా మాట వినడం మానేసింది.

వచ్చే ఆఫీసరు అందరిలాంటి ఆఫీసరు కాదని చెప్పాను. ప్యాపిలి వైపు ఒక ఊళ్ళో బస్సు నిండా జనాన్ని చూసి ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుని ఏసీ బస్సు వేయించాడన్నాను. ఆ చలికి జనం మే నెలలో కంబళ్ళు కప్పుకుని దిగుతున్నారన్నాను. అవుకు దగ్గర ఇంకో ఊరివాళ్ళకు రిజర్వాయరు చుట్టి పోవడం కష్టమని నీళ్ళ మీద పోయే బస్సే తెప్పించాడన్నాను. టిక్కెట్టుతో పాటు కండక్టరు చేపలు కూడా పట్టిస్తున్నాడన్నాను. గొర్రెల ఆయన మళ్ళీ కూర్చున్నాడు. ఆడవాళ్ళు వాకిళ్ళలోంచి అరుగు దాకా వచ్చారు.

"అంత పెద్దాయన మన ఊరికొస్తాండాడా?" అంది ఒకామె.

"పెద్దాయనా? మీ ఊరికి స్వామి పల్లకీ ఎట్లా వస్తాదో, ఎల్లుండి ఆ బస్సు అట్లా వస్తాదనుకోండి. ఊరంతా కదలాల. జనమెంతో ఆయనకు కనపడాల."

"ఒగరు తగ్గకుండా వస్తాం సెట్టీ. మాటిస్తాండా," అని మద్దిలేటి నా చేతిలో చెయ్యి వేశాడు.

ఖాసింబీ అరుగు చివర నిలబడి వింటోంది. నేను ఆమె వైపు చూసి కన్ను గీటాను. ఆమె నవ్వింది. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే అంగడిలో లెక్క తప్పుతున్నాను.

రాతిదేవుళ్ళ పక్కన

మర్నాడు సైకిలు మీద ఆళ్ళగడ్డ వచ్చేశాను. బస్సు నిండుగా పట్నంలోకి దిగే దృశ్యం ఎదురుగా నిలబడి చూడాలనిపించింది. శిల్పులు పనిచేసే రోడ్డు పక్కన చోటు చూసుకున్నాను. అక్కడ రాతిదేవుళ్ళు వరసగా నిలబడి ఉంటారు. హనుమంతుడు, వినాయకుడు, ముక్కు ఇంకా చెక్కని అమ్మవారు. ఎవరికివారే లారీ కోసం చూస్తున్నట్టుంటుంది. ఆ రోజంతా శిల్పులకు నడక గొప్పతనం చెప్పాను. దుమ్ముకు మొహానికి గుడ్డ కట్టుకుని ఉండడం వల్ల వాళ్ళు నవ్వారో ఆవులించారో తెలియలేదు.

ఆ మరుసటి పొద్దున నందిని చెక్కుతున్న ఒకాయన పక్కన నిలబడి, "ఇప్పుడు చూడప్పా, ఆ మలుపులోంచి వచ్చే బస్సుకు తలుపు కూడా పడదు," అన్నాను.

ముందు హారన్లు వినిపించాయి. తర్వాత తప్పెట. శిల్పి ఉలి ఆపాడు.

మలుపులోంచి మోటారు సైకిళ్ళు వచ్చాయి. రెండేసి వరసలుగా, ఒక్కో దాని మీద ఇద్దరు, కొన్నింటి మీద ముగ్గురు. అందరూ తెల్లచొక్కాలు వేసుకున్నారు. ముందు బండి మీద మద్దిలేటి నిలబడి తువ్వాలు తిప్పుతున్నాడు. ఒక బండి వెనక తప్పెట కొట్టేవాడు అటు తిరిగి కూర్చుని, బస్సు వైపు చూస్తూ వాయిస్తున్నాడు. వాళ్ళ వెనక బస్సు, అద్దానికి బంతిపూల దండలు, వేపమండలు. దాని వెనక మళ్ళీ మోటారు సైకిళ్ళు, ట్రాక్టరు ఒకటి, ట్రాక్టరులో ఆడవాళ్ళు హారతి పళ్ళాలతో.

బస్సు మా ముందు నుంచే పోయింది. లోపల ముందు సీట్లో ఖాసింబీ, పక్కన గుండిగ. వెనక సీట్లో మెడలో దండ, భుజాల మీద శాలువాతో చెమటలు కారుతున్న ఆఫీసరు. ఆయన పక్కన ఓబులేసు. ఇంకెవరూ లేరు.

సైకిలు అక్కడే పడేసి బస్టాండు దాకా పరుగెత్తాను. వయసులో కూడా అంత వేగంగా పరుగెత్తలేదు, కడప పెళ్ళితో సహా.

ఆఫీసరు బస్సు దిగి మద్దిలేటితో మాట్లాడుతున్నాడు. కోపంగా లేడు. చాలా మర్యాదగా ఉన్నాడు.

"మీ ఊరి బండ్లన్నీ ఇవేనా?"

"యాడ సార్, సగం కూడా కాదు! ఇంటికి రెండుండాయి. టయానికి పెట్రోలు దొరక్క శానామంది ఆగిపాయిరి."

"చాలా సంతోషం," అన్నాడాయన. "ఇన్ని బండ్లున్న ఊరికి బస్సు అవసరం లేదు కదా."

మద్దిలేటి ఛాతీ పొంగింది. తన ఊరిని అంత పెద్దాయన ఆళ్ళగడ్డ నడిబజారులో మెచ్చుకున్నాడు. "మీ దయ సార్," అని దండం పెట్టాడు.

నేను అతన్ని పక్కకు లాగాను. "ఏంది మద్దిలేటీ, ఒక్కరన్నా బస్సెక్కలేదేంది?"

అతను నన్ను వింతగా చూశాడు. "ఏం సెట్టీ అట్లంటావు? పల్లకీ వస్తే పొలిమేర కాడికి ఎదురుపోతాం. ఊరేగిస్తాం. పక్కూరి దాకా సాగనంపుతాం. దాంట్లోకి ఎక్కి కూకుంటామా?"

ఆఫీసరు దగ్గరికి పోయి జరిగినదంతా చెప్పాను, ఒక్క అక్షరం పెంచకుండా.

"మీరెవరు?" అన్నాడాయన.

"నంద్యాలలో స్టీలు సామాన్ల అంగడండీ."

"ఈ బస్సులో రోజూ వస్తారా?"

"లేదండీ. సైకిలు మీద వచ్చాను."

ఆయన శాలువా మడిచి నా చేతిలో పెట్టి, జీపెక్కి వెళ్ళిపోయాడు. ఆయనకు నేను ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. చెప్పిన నిజాల్లో ఒక్కటీ పనికి రాలేదు.

ఖాసింబీ పొయ్యి వెలిగిస్తోంది. నా వైపు చూడలేదు. దగ్గరికి పోతే ప్లేటులో ఉగ్గాని పెట్టి ఇచ్చింది. డబ్బు ఇవ్వబోతే తీసుకుంది కూడా. అరిచి ఉంటే బాగుండేది.

ఆఖరి ట్రిప్పు

మర్నాటి పొద్దుటి ట్రిప్పే ఆఖరుదని మధ్యాహ్నానికి ఓబులేసుకు తెలిసింది. సాయంత్రం అదే బస్సులో, సైకిలు పైన కట్టించుకుని, తంగేడుగుంటకు మళ్ళీ వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో చెప్పలేను. ఆళ్ళగడ్డలో ఉండబుద్ధి కాలేదు, నంద్యాలకు పోబుద్ధి కాలేదు.

ఊళ్ళో సంగతి అప్పటికే పాకింది. మద్దిలేటి అరుగు మీద తల వంచుకుని కూర్చున్నాడు. ఒకాయన ఆ బస్సులోనే తన పెళ్ళికూతుర్ని తెచ్చుకున్నానన్నాడు. ఒకామె తన కొడుకు ఆ బస్సులోనే పుట్టాల్సింది, ఆస్పత్రి దాకా ఆగాడంది. ఆ బస్సు మీద ఊరికి ఇంత ప్రేమ ఉన్నట్టు బస్సుకు కూడా తెలిసి ఉండదు.

"రేపు ఊరంతా ఎక్కుతాం సెట్టీ," అన్నాడు మద్దిలేటి. "సగం మంది కాదు, అందరం. ఆఖరిసారి."

ఈసారి నేను ఏమీ చెప్పలేదు. ఏం చెప్పినా ఏం జరుగుతుందోనని భయం వేసింది.

పొద్దున పీర్ల చావిడి దగ్గర నేను, ఖాసింబీ నిలబడి ఉన్నాం. గుండిగలో పిండి కలిపి, మీద గుడ్డ కట్టి సిద్ధంగా పెట్టుకుంది. బస్సు పైచివర తిరిగి మెల్లగా వచ్చింది. ఒక పక్కకు ఒరిగి వస్తోంది. నేను చూడాలనుకున్న బస్సు అదే. తలుపు పడలేదు. మెట్ల మీద వేలాడుతున్నారు. కిటికీల్లో పిల్లలు, ముసలివాళ్ళు, కొత్తచీరలు, సెల్‌ఫోన్లలో ఫొటోలు. గొర్రెల ఆయన గొర్రెపిల్లతో సహా ఎక్కాడు. ఊళ్ళో ఒక్కటే ఆటో, ఆ ఆటో నడిపేవాడు నిచ్చెన పట్టుకుని బస్సు వెనక వేలాడుతున్నాడు.

ఓబులేసు ఎక్కడో లోపలి నుంచి అరుస్తున్నాడు. "జరగండప్పా! ఖాసింబక్క ఎక్కల్ల! దావ ఇడవండి!"

మెట్ల మీదివాళ్ళు జరిగారు. అంగుళం జరిగారు. ఖాసింబీ ఒక కాలు పెట్టింది. గుండిగ లోపలికి పట్టలేదు. ఎవరిదో మోచెయ్యి తగిలి పిండి కాస్త ఆమె చీర మీద ఒలికింది. ఆమె వెనక్కి దిగింది.

"పోండి, పోండి. పొద్దుపోతాది," అంది వాళ్ళతోనే.

ఆ బరువుకు మళ్ళీ ఆపితే కదలదని డ్రైవరుకు భయం కాబోలు, బస్సు ముందుకు పోయింది. దుమ్ములోంచి ఓబులేసు చెయ్యి ఒక్కటే కిటికీలో కనిపించింది. వద్దనో, రమ్మనో ఊపుతోంది.

ఊరు నిశ్శబ్దమైపోయింది. ప్రతి వాకిట్లో రెండేసి మోటారు సైకిళ్ళు. నడిపేవాళ్ళందరూ బస్సులో ఉన్నారు.

చావిడి నుంచి దోవ

గుండిగను నా సైకిలు వెనక పెట్టి, ఆమె తువ్వాలుతోనూ ఆఫీసరు శాలువాతోనూ కట్టాను. బొరుగుల సంచి హ్యాండిలుకు తగిలించాను. తొక్కితే పిండి ఒలుకుతుంది. అందుకని నేను సైకిలు పట్టుకుని, ఆమె గుండిగ మీద చెయ్యి పెట్టుకుని, ఆళ్ళగడ్డ వైపు నడక మొదలుపెట్టాం.

"మనం పొయ్యేలోపల టిఫిన్ల టయం అయిపోతాది కదక్కా," అన్నాను.

"అయిపోతాది. అంతకుముందే నా చోట్లో ఇంగెవురో బండి పెడతారు. పిండి కలిపినా కదా, పారబోస్తామా?"

అడ్డరోడ్డు చాలా దూరం. ఆమె కుడికాలు వేసినప్పుడల్లా కాస్త ఆగుతోంది. ఆగినప్పుడల్లా ఏదో చెట్టును చూస్తున్నట్టు నటిస్తోంది. నేనూ ఆ చెట్టునే చూస్తున్నట్టు నటించాను. జనం చేత నడిపించాలని నంద్యాలలో బయలుదేరినవాడిని నేను. ఈ ప్రయాణం మొత్తంలో నా మాట వల్ల నడిచిన మనిషి ఈమె ఒక్కతే. తిరిగొచ్చాక మా గుంపువాళ్ళు ప్రచారం ఎలా జరిగిందని అడిగితే నేను పులి కథ ఎత్తుకున్నది అందుకే.

సిమెంటు బల్ల కనిపించేసరికి ఆమె కూర్చుని మోకాలు పట్టుకుంది. కుక్క లేచి చోటిచ్చింది.

"ఖాసింబక్కా, ఆ రోజు అరుగు మీద నేను..."

"అది ఎందుకులే ఇప్పుడు." కొంగుతో చెమట తుడుచుకుని లేచింది. "దోవ ఇంగా శానా ఉండాది. నోరు మూసుకోని నడిస్తే మోకాలు ఎక్కువ నొప్పి పెడతాది. ఏదన్నా అబద్ధం చెప్పప్పా."

నేను జీవితంలో అబద్ధం కోసం వెతుక్కున్నది అదొక్కసారే. పులి రాలేదు, ఏనుగు రాలేదు, నీళ్ళ మీద బస్సు రాలేదు. చాలాసేపటికి ఒకటి దొరికింది.

"వచ్చే నెల నుంచి బస్సు మళ్ళీ వేస్తారంటక్కా."

ఆమె నడక ఆపలేదు. గుండిగ మీది గుడ్డ ఒకసారి సర్దింది.

"అట్లాంటిది కాదు," అంది. "నవ్వొచ్చేది చెప్పు."